షెడ్డు రైతుది, కోడి మీది: కోళ్ల కంపెనీల యాజమాన్యాలకు ఒక పశువైద్యుడి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో గుడ్లు పొదిగి పిల్లలు తీసే హేచరీలు, దాణా మిల్లులు, రైతుల షెడ్లలో మాంసం కోళ్లు పెంచే బ్రాయిలర్ ఇంటిగ్రేషన్, గుడ్ల కోసం కోళ్లు పెంచే పెద్ద లేయర్ ఫారాలు నడుపుతున్న కంపెనీల చైర్మన్లకు, డైరెక్టర్లకు. ఆ కంపెనీల దగ్గర గుడ్లు, మాంసం టోకున కొంటున్న హోటళ్ల, ఆహార సంస్థల యాజమాన్యాలకు,

నమస్కారం.

నేను పశువైద్యుడిని. పట్టా చేతికొచ్చిన కొత్తలో మూడేళ్లు ఒక బ్రాయిలర్ కంపెనీలో ఫీల్డ్ డాక్టరుగా, ఆ తర్వాత పదవీ విరమణ దాకా పశుసంవర్ధక శాఖలో, అందులోనూ ఎక్కువ కాలం గోదావరి జిల్లాల్లో పనిచేశాను. కోళ్ల పరిశ్రమ మీద నాకు ద్వేషం లేదు. ఈ పరిశ్రమ వల్ల పొయ్యి వెలిగిన ఇళ్లు ఎన్నో నాకు తెలుసు, కొంతకాలం నా ఇల్లూ వాటిలో ఒకటి. ఒకప్పుడు చుట్టాలొస్తే తప్ప కనిపించని గుడ్డు ఇవాళ కూలి ఇంటి కంచంలోకి కూడా వస్తోందంటే దాని వెనుక మీ పెట్టుబడి, మీ శాస్త్రవేత్తల కృషి ఉన్నాయని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయినా ఈ లేఖ రాయక తప్పడం లేదు. షెడ్డులో ఉన్న కోడి పడే బాధకు బాధ్యులెవరు అన్న ప్రశ్న ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఫారం గేటు దగ్గర నాకు ఎదురవుతూనే వచ్చింది. దానికి జవాబు చెప్పవలసినవారు మాత్రం ఆ గేటు దగ్గర ఏనాడూ కనిపించలేదు.

ఇంటిగ్రేషన్ ఎలా నడుస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు, కానీ ఈ లేఖ చదివే మిగతావారికి తెలియాలి కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. ఒకరోజు పిల్ల కంపెనీది. దాణా, టీకాలు, మందులు కంపెనీవి. వారానికోసారి వచ్చి తూకం చూసే సూపర్‌వైజరు కంపెనీ మనిషి. రైతుది స్థలం, అప్పు చేసి కట్టిన షెడ్డు, కింద పరిచే ఊక, కరెంటు, నీళ్లు, ఇంటిల్లిపాది చాకిరీ. అయిదారు వారాల తర్వాత లారీ వచ్చి కోళ్లను ఎత్తుకుపోయాక, ఎంత దాణాకు ఎంత బరువు వచ్చింది, ఎన్ని చచ్చాయి అన్న లెక్కలు తీసి, కిలోకు ఇంత అని గ్రోయింగ్ చార్జీలు రైతు ఖాతాలో వేస్తారు. కోడి అమ్ముడుపోయేదాకా అది కంపెనీ ఆస్తేనని ఒప్పంద పత్రంలో ఉంటుంది. తన షెడ్డులో పెరిగిన కోడిని ఒక్కదాన్ని రైతు పక్కింటివారికి అమ్మినా అది దొంగతనం కిందే లెక్క. అంటే షెడ్డులోకి ఎన్ని పిల్లలు రావాలి, ఏ జాతివి రావాలి, ఏం తినాలి, ఏ మందు తాగాలి, ఎన్నో రోజున లారీ ఎక్కాలి అన్న నిర్ణయాలన్నీ మీ ఆఫీసులో జరుగుతాయి. ఆ నిర్ణయాలు బెడిసికొట్టినప్పుడు ఎవరి షెడ్డు అన్న ప్రశ్న వస్తుందే తప్ప, ఎవరి కోడి అన్న ప్రశ్న రాదు.

చట్టం మాత్రం ఎవరి కోడి అనే అడుగుతోంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో జంతువు అంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా సరే, కోడికి అందులో మినహాయింపేమీ లేదు. తన సంరక్షణలో ఉన్న జంతువు క్షేమం కోసం, దానికి అనవసరమైన బాధ కలగకుండా తగిన చర్యలన్నీ తీసుకోవడం ప్రతి వ్యక్తి విధి అని 3వ సెక్షన్ చెబుతుంది. కదలడానికి తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని పంజరంలో జంతువును బంధించడం, బాధ కలిగే తీరులో మోసుకెళ్లడం 11వ సెక్షన్ కింద నేరాలు. ఇంతవరకు జంతు ప్రేమికులందరూ చెప్పేదే. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది అదే సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్. ఇలాంటి నేరం జరగకుండా యజమాని తగిన శ్రద్ధ, పర్యవేక్షణ చూపకపోతే ఆ నేరం యజమానే చేసినట్టు భావించాలని అది నిర్దేశిస్తోంది. యజమాని అన్న మాటలో, ఆ సమయానికి జంతువు ఎవరి స్వాధీనంలో ఉందో వారు కూడా చేరతారని 2వ సెక్షన్ నిర్వచనం. రైతు కూడా చేరతాడు, కాదనను. అయితే మీతో పాటు చేరతాడే గాని మీకు బదులుగా కాదు. ఒప్పంద పత్రంలో కోడి మాదే అని రాసుకున్న కంపెనీ, కోడి నరకం అనుభవించినప్పుడు మాత్రం అది రైతు నిర్వహణ లోపం అనడం నీతికే కాదు, ఈ చట్టానికి కూడా పొసగదు. మొదటి నేరానికి 10 నుంచి 50 రూపాయల జరిమానా అని 1960లో రాసిన చట్టం ఇది. ఆ అంకె చూసి మీ న్యాయ విభాగాలు నిశ్చింతగా ఉండవచ్చు. నేను జరిమానా గురించి మాట్లాడటం లేదు, బాధ్యత గురించి మాట్లాడుతున్నాను.

నా అనుభవంలో ఒకటి చెబుతాను. కంపెనీ పేరు రాయను, ఈ కథ ఒక్క కంపెనీది కాదు కాబట్టి. మే నెల. రేకుల కప్పు వేసిన 5,000 కోళ్ల షెడ్డు, 36 రోజుల బ్యాచ్. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చడమే అది ఒళ్లు చల్లబరుచుకునే ముఖ్యమైన దారి. పైగా 40 గ్రాముల పిల్ల ఆరు వారాల్లోపే రెండు కిలోలు అవ్వాలని తీర్చిదిద్దిన జాతి కాబట్టి దాని ఒంట్లో పుట్టే వేడే ఎక్కువ. ఒక కోడికి ఒక చదరపు అడుగు లెక్కన నింపిన షెడ్డులో, లారీ ఎక్కడానికి నాలుగు రోజుల ముందు, నేల కనిపించదు, తెల్లని వీపులే కనిపిస్తాయి. మధ్యాహ్నం మూడు గంటలకు నేను వెళ్లేసరికి రైతూ ఆయన భార్యా తడి గోనెసంచులు వేలాడదీస్తున్నారు, నీటి తుంపరలు చల్లే ఫాగర్లకు నీళ్లు చాలక బిందెలతో రేకుల మీద కుమ్మరిస్తున్నారు. కోళ్లు మెడలు చాచి, రెక్కలు ఒంటికి దూరంగా విప్పి వగరుస్తున్నాయి. అయితే విప్పిన రెక్క ఆనించడానికి పక్కన ఖాళీ లేదు, అక్కడ ఇంకో కోడి ఒళ్లు కాలుతూ ఉంది. గోడవారన పడి ఉన్నవాటిని నేను ఎత్తి చూస్తుంటే నా చేతుల్లోనే మూడు పోయాయి. సాయంత్రానికి లెక్కపెడితే 400 పైచిలుకు. గుంత తవ్వి సున్నం చల్లి పూడ్చాం.

ఎండాకాలం బ్యాచ్‌లలో ఆ షెడ్డుకు 4,000 పిల్లలకు మించి దించవద్దని ఆ రాత్రే నివేదిక రాశాను. పిల్లల సంఖ్య తన చేతిలో లేదని, పైనుంచి వస్తుందని మేనేజరు చెప్పారు. ఆయన అబద్ధం చెప్పలేదు. తర్వాతి బ్యాచ్‌కు మళ్లీ 5,000 పిల్లలే దిగాయి. ఇక ఆ మే నెల బ్యాచ్ సెటిల్‌మెంటులో, మామూలుకు మించి చచ్చిన కోళ్ల నష్టం గ్రోయింగ్ చార్జీల్లోంచి కోత పడింది. ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది. కోళ్లు ఎందుకు చచ్చాయో తెలిసి కూడా, నష్టం ఎవరి మీద పడిందో చూసి కూడా సంతకం పెట్టాను. ఈ లేఖ ఆ సంతకం దగ్గర మొదలైందనుకోండి.

బ్రాయిలర్ బాధ అయిదారు వారాల్లో ముగిసిపోతుంది. గుడ్లు పెట్టే లేయర్ కోడిది ఏడాదిన్నర బాధ. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022-23లో దేశంలో ఉత్పత్తయిన గుడ్లు సుమారు 13,838 కోట్లు. వాటిలో అయిదో వంతు ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే, తెలంగాణను కూడా కలిపితే దాదాపు మూడో వంతు మన తెలుగు నేల మీదివే. దేశానికి గుడ్డు పెడుతున్నామని గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అయితే ఆ గుడ్డు పెట్టే కోడి నిలబడే చోటు ఎంతో ఒకసారి చూడండి. 2019లో కేంద్రం ప్రకటించిన ముసాయిదా నియమాల్లో ఒక పెట్టకు 550 చదరపు సెంటీమీటర్ల చోటు ఉండాలన్నారు. మన ఆఫీసుల్లో వాడే ఎ4 కాగితం 623 చదరపు సెంటీమీటర్లు. అంటే మంచి నియమం అని ప్రతిపాదించినది కూడా కాగితం కంటే చిన్నది. దానికే పరిశ్రమ సంఘాల నుంచి ఖర్చు పేరుతో అభ్యంతరాలు వచ్చాయి. నేను టేపుతో కొలిచిన షెడ్లలో చాలావాటిలో ఆ మాత్రం చోటు కూడా లేదు.

గోదావరి డెల్టాలోని ఒక లేయర్ షెడ్డులో, మూడు వరుసల తీగల పంజరాల మధ్య నడుస్తుంటే, అట్టడుగు వరుసలో ఒక పెట్ట దాణా తొట్టి వైపు రాకుండా వెనక్కే ఉండటం గమనించాను. పని చేసే కుర్రాడు చెయ్యిపెట్టి లాగబోతే అరిచింది. వంగి చూస్తే దాని కాలి గోళ్లు నేల తగలక అరగక, పెరిగి, వంకర తిరిగి, అడుగు తీగను చుట్టుకున్నాయి. ఒక వేలు చర్మం ఆ తీగ మీదుగానే పెరిగి అతుక్కుపోయింది. తీగను కట్టరుతో కత్తిరించి దాన్ని బయటికి తీయవలసి వచ్చింది. కాలికి మందు రాసి షెడ్డు వెనుక చెట్టు కింద మట్టిలో దించాను. చాలాసేపు కదలలేదు. తర్వాత తడబడుతూ కూర్చుని, ఒక రెక్క నేలకు ఆనించి, ఆ పుండు కాలితోనే మట్టి ఎగజిమ్ముకోవడం మొదలుపెట్టింది. దాని జీవితంలో మట్టి చూడటం అదే మొదటిసారి. ఎవరూ నేర్పలేదు, తల్లి కోడిని అది చూడలేదు. అయినా మట్టిలో పొర్లాడటం ఎలాగో దాని ఒంటికి తెలుసు. పంజరంలో కూడా ఈ కోళ్లు ఒట్టి తీగ మీద కూర్చుని, లేని దుమ్మును ఒంటి మీద చల్లుకుంటున్నట్టు రెక్కలు ఆడిస్తాయి. ఆ దృశ్యం మీ ఫారాల్లో పనిచేసే ప్రతివాడికీ తెలుసు.

ఇంట్లో నాటుకోళ్లు పెంచిన వారెవరికైనా పెట్ట గుడ్డుకు వచ్చినప్పుడు చేసే హడావుడి గుర్తుంటుంది. గడ్డివాము సందు వెతుకుతుంది, గంప కింద దూరుతుంది, బస్తాల వెనక్కి పోతుంది, మనిషి అలికిడైతే లేచి ఇంకో మూలకు పోతుంది. నలుగురి కంట పడకుండా, మెత్తని చోట, చీకటి మూల గుడ్డు పెట్టాలన్నది దాని స్వభావం. పంజరంలోని లేయరుకు ఆ తపన రోజూ కలుగుతుంది, ఎందుకంటే అది ఏడాదికి 300కు పైగా గుడ్లు పెట్టేలా తయారుచేసిన జాతి. తీగల మీద అటూ ఇటూ తొక్కుకుంటూ, మిగతా కోళ్ల మీదుగా తల బయటికి తోస్తూ, చివరికి ఎక్కడున్నదక్కడే గుడ్డు జారవిడుస్తుంది. ఒక్కో పెంకు కోసం సుమారు రెండు గ్రాముల కాల్షియం దాని ఒంట్లోంచి పోతుంది. నడక లేక, ఎగరడం లేక ఎముక గుల్లబారుతుంది. గుడ్డు పెట్టడం ఆపేశాక ఏరివేతకు బయటికి లాగేటప్పుడు రెక్కలు, కాళ్లు పుటుక్కున విరగడం నేను విన్నాను. రాసేటప్పుడు ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది.

కిక్కిరిసిన చోట కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి కాబట్టి ముక్కు కత్తిరిస్తున్నామని మీరంటారు. పొడుచుకోవడం నిజమే. కానీ వారం పది రోజుల పిల్ల ముక్కును ఎర్రగా కాలిన బ్లేడుకు ఆనించి కోసేది, చోటు పెంచడానికి మనం ఒప్పుకోక. ఆ ముక్కులో నరాలున్నాయి, స్పర్శ ఉంది. కోడికి అది మనకు వేళ్ల లాంటిది. మూలకారణాన్ని వదిలేసి ముక్కును కోయడం వైద్యమని నేను చదివిన చదువులో ఎక్కడా లేదు.

హేచరీల్లో జరిగేది ఇంకా చీకటి వ్యవహారం. లేయర్ జాతిలో పుట్టే పిల్లల్లో సగం పుంజులు. అవి గుడ్డు పెట్టవు, మాంసానికి పనికిరావు. అందుకని పుట్టిన రోజే వాటిని అంతం చేస్తారు. తప్పించుకున్న కొన్ని, మన ఊళ్ల సంతల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి పిల్లలకు ఆటవస్తువులుగా అమ్ముడై రెండు మూడు రోజుల్లో చచ్చిపోతాయి. జర్మనీ 2022 జనవరి నుంచి పుంజు పిల్లలను ఇలా చంపడాన్ని నిషేధించింది. గుడ్డులో ఉండగానే ఆడో మగో తేల్చే యంత్రాలు అక్కడ వాడుకలోకి వచ్చాయి. మన హేచరీలు ఏడాదికి ఎన్ని పుంజు పిల్లలను, ఏ పద్ధతిలో చంపుతున్నాయో ఒక్క కంపెనీ వార్షిక నివేదికలోనైనా నాకు కనిపించలేదు. చెప్పుకోలేని పనే అయితే మానాలి. తప్పనిసరి అంటారా, కనీసం చెప్పాలి.

మందుల విషయానికొస్తే, ఇది కోడిది మాత్రమే కాదు, మీదీ నాదీ కూడా. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే పరిశోధన సంస్థ 2014లో ఢిల్లీ పరిసరాల్లో 70 కోడిమాంసం నమూనాలు పరీక్షిస్తే 40 శాతంలో యాంటీబయాటిక్ అవశేషాలు బయటపడ్డాయి. ఇంటెన్సివ్ కేర్‌లో అన్ని మందులూ విఫలమైన రోగికి చివరి ఆశగా ఎక్కించే యాంటీబయాటిక్ కొలిస్టిన్‌ను, కోళ్ల బరువు కోసం దాణాలో కలుపుతున్నారని తెలిసి, 2019 జూలైలో కేంద్రం దాన్ని ఆహారం కోసం పెంచే జంతువుల్లో నిషేధించింది. నిషేధం వచ్చేదాకా ఎందుకు ఆగవలసి వచ్చింది? కొలిస్టిన్ అంటే ఏమిటో మీ పోషకాహార నిపుణులకు తెలియనిది కాదు. జబ్బుపడ్డ కోడికి మందు వేయడాన్ని నేనెప్పుడూ తప్పుపట్టను, అది నా వృత్తి. జబ్బు రాకముందే, జబ్బు వచ్చి తీరేటంత ఇరుకులో పెట్టి, రోజూ దాణాతో మందు తినిపించడం వేరు. ఇరుకు తగ్గించడానికి అయ్యే ఖర్చును మందు సంచితో సర్దుబాటు చేయడమే అది. ఆ మందు పేరు చాలాసార్లు రైతుకే తెలియదు, దాణా మీ మిల్లులో తయారై వస్తుంది కనుక.

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు, ఒక కిలోమీటరు లోపల కోళ్లన్నిటినీ చంపి పూడ్చవలసి వచ్చింది, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు. నాతో పనిచేసిన కుర్రవాళ్లు ఒంటినిండా తొడుగులు వేసుకుని రాత్రింబవళ్లు ఆ పని చేశారు. వారిలో ఒకరు ఫోను చేసి ఏమీ మాట్లాడలేక పెట్టేశారు. ఇలాంటప్పుడు చంపిన కోళ్లకు ఇచ్చే పరిహారంలో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది, అంటే ప్రజల సొమ్ము. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మూసిన షెడ్డులో కోడి వలస పక్షులకు దూరంగా ఉంటుంది, ఆరుబయట తిరిగే కోడికి ఆ ప్రమాదం ఎక్కువ అని మీ వైద్యులు చేసే వాదనలో పస ఉంది. దాన్ని నేను కొట్టిపారేయను. కానీ వైరస్ ఒక్కసారి లోపలికి అడుగుపెట్టాక, ఒకే రక్తం, ఒకే వయసు, ఒకదానికొకటి తగులుతూ వేల సంఖ్యలో ఉన్న పక్షుల్లో అది పాకే వేగాన్ని కూడా అదే నిజాయితీతో ఒప్పుకోవాలి. నేను అడుగుతున్నది కోళ్లన్నిటినీ పొలాల్లోకి వదలమని కాదు. పంజరం లేకుండా, కప్పు కింద, వలల లోపల, మెట్లూ గూళ్లూ ఊకా ఉన్న షెడ్లలో పెంచవచ్చు, ప్రపంచంలో చాలాచోట్ల పెంచుతున్నారు. పక్షి భద్రతకూ పక్షి సుఖానికీ మధ్య ఒకటే ఎంచుకోవాలన్నట్టు మాట్లాడటం ఆపండి.

చివరికి అందరూ చెప్పే అభ్యంతరం ధర. గుడ్డు పేదవాడి మాంసకృత్తు, దాని ధర పెంచే పని ఏదైనా పేదవాడి మీదే పడుతుంది అంటారు. ఈ మాట అనే హక్కు పేదవాడికుంది. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనంలో పిల్లలకు వారానికి అయిదు గుడ్లు, తెలంగాణలో మూడు గుడ్లు ఇస్తున్నారు. ఎదుగుదల లోపించిన పిల్లలను అంగన్‌వాడీల్లో తూకం వేసి చూసినవాడిని, ఆ కంచంలోంచి గుడ్డు తీసేయమని నేను కలలో కూడా అనను. కానీ పేదపిల్లవాడి గుడ్డును అడ్డుపెట్టుకుని నక్షత్రాల హోటలు అల్పాహారం బల్ల మీది ఆమ్లెట్ దాక్కోకూడదు. కేకుల కంపెనీ, మయోనైజ్ కంపెనీ, విమానాల్లో భోజనం పెట్టే కంపెనీ దాక్కోకూడదు. మార్పు ఖర్చును ముందు ఎవరు మోయగలరో వారి దగ్గరే మొదలుపెట్టండి. పిల్లల గుడ్డుకు అయ్యే అదనపు ఖర్చు ప్రభుత్వం చూసుకోవలసిన విషయం, ఆ లేఖ వారికి వేరే రాస్తాను.

టోకున కొనే కంపెనీలకు ఇది చేతకాని పనేమీ కాదు. యూరోపియన్ యూనియన్ 1999లోనే నిర్ణయం తీసుకుని, 2012 జనవరి 1 నుంచి వరుసలుగా పేర్చే పాత పద్ధతి ఇరుకు తీగల పంజరాలను, అంటే బ్యాటరీ పంజరాలను నిషేధించింది, పదేళ్లకు పైగా వ్యవధి ఇచ్చి మరీ. అక్కడ కూడా అంతా సవ్యంగా లేదు. మిగిలిన పంజరాలను కూడా తీసేయడానికి 2023 చివరికల్లా చట్టం ప్రతిపాదిస్తామన్న హామీ గడువు దాటిపోయింది. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ తన దుకాణాల్లో వాడే గుడ్లన్నీ పంజరాల్లేని ఫారాలనుంచే కొంటానని 2015లో ప్రకటించింది, ఏడాదికి దాదాపు 200 కోట్ల గుడ్ల మాట అది. చెప్పిన గడువు 2025 కాగా 2024 మొదట్లోనే పూర్తి చేసినట్టు ప్రకటించింది. అంత పెద్ద కొనుగోలుదారు గడువు పెట్టుకుని, ఫారాలతో దీర్ఘకాలం ఒప్పందాలు చేసుకుంటే సరఫరా దానంతటదే తయారవుతుందని ఇది రుజువు చేసింది. అమెరికన్ కోడికీ అనపర్తి కోడికీ ఒంట్లో తేడా లేదు. విదేశీ కొనుగోలుదారుల కోసం ఒక ప్రమాణం, మన ఊరి వినియోగదారు కోసం ఇంకో ప్రమాణం పాటించే సంస్థలు, అలా ఎందుకు చేస్తున్నాయో మన భాషలో మనకు చెప్పాలి.

లిస్టెడ్ కంపెనీల్లో మార్కెట్ విలువలో మొదటి 1,000 స్థానాల్లో ఉన్నవి 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక ఇవ్వాలి. అందులో ఉద్యోగులున్నారు, పర్యావరణం ఉంది, మానవ హక్కులు, వినియోగదారులు ఉన్నారు. జంతువు క్షేమానికి ప్రత్యేకంగా ఒక సూత్రం లేదు. కోట్ల ప్రాణుల మీద నడిచే వ్యాపారం తన సుస్థిరత నివేదికలో ఎల్‌ఈడీ బల్బుల గురించి రాసి, ఆ ప్రాణుల గురించి ఒక్క వాక్యం రాయనక్కరలేదన్నమాట. సెబీ అడిగేదాకా ఆగనక్కరలేదు. 2017 జూలైలో లా కమిషన్ తన 269వ నివేదికలో బ్రాయిలర్లకు, లేయర్లకు విడివిడిగా ముసాయిదా నియమాలు రాసి చూపించింది. దారి ఎలా ఉండాలో తెలియక ఆగిపోయామని ఎవరూ అనలేరు.

కాబట్టి మీ తర్వాతి వార్షిక నివేదికలో ఒక పేజీ కోడికి కేటాయించమని అడుగుతున్నాను. మీ కోళ్లలో ఎన్ని పంజరాల్లో ఉన్నాయి, ఒక్కో కోడికి ఎన్ని చదరపు సెంటీమీటర్లు, బ్రాయిలర్ షెడ్డులో చదరపు అడుగుకు ఎన్ని కిలోల కోడి, ఎండాకాలంలో ఆ సంఖ్య ఎంత తగ్గించారు, ఎన్ని పిల్లలు దించితే ఎన్ని ఎత్తారు, మిగతావి ఎందుకు చచ్చాయి, ఏ యాంటీబయాటిక్ ఎన్ని కిలోలు వాడారు, పుంజు పిల్లలను ఏం చేశారు, మీ ప్రాసెసింగ్ ప్లాంటులో కోసే ముందు కోడికి స్పృహ తప్పిస్తున్నారా లేదా. ఈ అంకెలన్నీ మీ కంప్యూటర్లలో ఇప్పటికే ఉన్నాయని, దాణా గ్రాముల్లో లెక్కించే మీకు ఇవి కొత్త పని కాదని నాకు తెలుసు. వాటిని మీ జీతం తీసుకోని పశువైద్యులు ముందుగా చెప్పకుండా షెడ్డుకు వచ్చి సరిచూడగలగాలి.

ఇకమీదట కొత్తగా కట్టే ఏ షెడ్డులోనూ బ్యాటరీ పంజరాలు పెట్టబోమని, ఉన్నవాటిని ఫలానా సంవత్సరానికి తీసేస్తామని తేదీ వేసి చెప్పండి. ఆ తేదీ ఖర్చు రైతు నెత్తిన పడకూడదు, దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు. కోళ్ల సంఖ్య తగ్గించమన్నప్పుడు కిలో లెక్కన ఇచ్చే చార్జీలు ఆ మేరకు పెంచకపోతే, షెడ్డు మార్చమన్నప్పుడు ఆ పెట్టుబడిలో వాటా పెట్టకపోతే, కోడి మీద జాలి పేరుతో రైతును ముంచినవారవుతారు. పిల్లలు దించిన సంఖ్య మీరు నిర్ణయించినంత కాలం వడదెబ్బకు చచ్చిన కోళ్ల నష్టం మీ ఖాతాలోనే వేసుకోండి. ఆ ఒక్క నియమం ఒప్పంద పత్రంలో చేరిననాడు, మే నెలలో 5,000 షెడ్డుకు ఎన్ని పిల్లలు దించాలో మీ ఆఫీసులోనే ఎవరో ఒకరు లెక్క వేస్తారు.

హోటళ్లు, ఆహార సంస్థల యాజమాన్యాలారా, మీ సరఫరాదారును ఈ పేజీ అడగండి. ఇవ్వనివారి దగ్గర కొనవద్దు.

ఈ లేఖ ప్రతులను రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖల డైరెక్టర్లకు, భారత జంతు సంక్షేమ బోర్డుకు పంపుతున్నాను. ఇందులో ఏ అంకె తప్పని మీకనిపించినా మీ లెక్కతో సరిదిద్దండి, బహిరంగంగా ఒప్పుకుంటాను. మీరు పిలిస్తే ఏ షెడ్డుకైనా నా ఖర్చుల మీదే వస్తాను. అయితే ఎండాకాలంలో, మధ్యాహ్నం మూడు గంటలకు వస్తాను. ఆ సమయానికి మీ డైరెక్టర్లలో ఒకరైనా షెడ్డులో నా పక్కన, ఆ రైతు పక్కన నిలబడాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత పశువైద్యుడు,
పశ్చిమ గోదావరి జిల్లా